అంచు కింద గోనెపట్ట

మంత్రాలయం దిక్కు బండలకు కరువు లేదు. వానకు కరువు, పనికి కరువు. బండలు మాత్రం తుంగభద్ర నడిబొడ్డు నుంచి ఊళ్ల పొలిమేరల దాకా గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. 1671లో జీవసమాధి పొందిన రాఘవేంద్రస్వామి బృందావనాన్ని మాధవరం బండతోనే చెక్కారని, సీతమ్మను వెతుక్కుంటూ వచ్చిన రాముడు ఆ బండ మీదే కూర్చుని సేదతీరాడని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు అంటారు. మా జనం వాటి మీద మిరపకాయలు ఆరబోస్తారు, గుడ్డలు ఉతుకుతారు, పగలగొట్టి కంకర చేస్తారు. ఊరికే ఎక్కి దిగడానికి బండ దగ్గరికి పోయే మనిషిని నేను చూసింది మాత్రం మొన్నటి మాఘమాసంలోనే.

ఆ అమ్మాయిది స్లొవేనియా. మన పాత కర్నూలు జిల్లా జనాభాలో సగం ఉంటారు ఆ దేశం మొత్తం మీద. కానీ రాళ్లెక్కడంలో వాళ్లు గట్టివాళ్లు. ఈ ఆటను ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చింది టోక్యోలో. అక్కడా, మళ్లీ 2024లో పారిస్‌లోనూ ఆడవాళ్లలో బంగారు పతకం గెలిచింది ఆ దేశపు యాన్యా గార్న్‌బ్రెట్. మన దగ్గరా ఎక్కేవాళ్లు లేకపోలేదు. 2014 మే 25న పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట చేతులు ఆనించింది భువనగిరి బండకే. ఇదే తుంగభద్ర మీద ఎగువన ఉన్న హంపీకి చలికాలంలో బండలెక్కే విదేశీయులు, కింద పడితే దెబ్బ తగలకుండా పరుచుకునే పరుపులు వీపున మోసుకుంటూ వస్తారు. మంత్రాలయం వచ్చేవాళ్లు మాత్రం స్వామి కోసమే వస్తారు, మొక్కు తీరగానే వెళ్లిపోతారు.

ఈమె గాలిమరల కంపెనీలో ఇంజినీరు. ఆస్పరి దిక్కు గాలిమరల మరమ్మతులు చూడడానికి కొన్ని నెలల కోసం వచ్చింది. మంత్రాలయంలో గది అద్దెకు తీసుకుంది. పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం పని కాడ ఏది దొరికితే అది, రాత్రి ఇంటామె ఇచ్చే జొన్నరొట్టె, పుంటికూర. గురువారాలు కన్నడ యాత్రికుల రద్దీలో ఆమె గది ముందు చెప్పులు విడవడానికి కూడా చోటుండేది కాదు. ఫాల్గుణంలో స్వామి గురువైభవోత్సవాలు జరిగే రోజుల్లో వేదఘోష వినబడుతుంటే నది ఒడ్డున కూర్చునేది. నీళ్లు తగ్గి, నది అడుగున ఉన్న బండలన్నీ బయటపడి ఉన్నాయప్పుడు. వాళ్ల ఊళ్లో ఆ నెలలో మంచు కరుగుతుందట, సున్నపురాయి కొండలు తడిగా ఉంటాయట, ఎండ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తారట. ఇక్కడ ఎండ రాకముందే పని ముగించుకోవాలి. వేళ్లకు చెమట పట్టిందంటే గ్రానైట్ మీద పట్టు ఉండదు. సున్నపురాయికి బొక్కలుంటాయి, వేలు దూరుతుంది. గ్రానైట్‌కు అరచెయ్యి, అరికాలు రాపిడే ఆధారం. అందుకని చీకటితోనే స్కూటీ మీద మా ఊరికి వచ్చేది.

మా ఊరంటే నేను పంతులుగా పనిచేసే ఊరు. బదిలీ మీద కొత్తగా వచ్చాను. బడి వెనక ఒక పెద్ద గుండు ఉంది, నాలుగంతస్తుల మిద్దె అంత ఎత్తు. వెనకవైపు ఏటవాలు, మేకలు కూడా ఎక్కుతాయి. ముందువైపు నిలువు. దాన్ని ఎక్కడానికి అనుమతి అడగడానికి బడికి వచ్చింది. గుండు బడిది కాదు, ఎవరిదీ కాదు, ఎక్కమన్నాను. ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి తెల్లవారుజామున అక్కడ ఉండడం కూడా నాకు పనైంది. తాడు పట్టుకోవడానికి ఊళ్లో డిగ్రీ చదివే పిల్లోడొకడు కుదిరాడు.

ఆమె ఎక్కడం కన్నా ఎక్కడానికి ముందు చేసే పని చూడాలి. వెనకవైపు నుంచి పైకి పోయి, కదలని బండను చూసి దానికి రెండు చోట్ల కట్టు వేసి, తాడు కిందికి వదిలేది. కిందికొచ్చి నడుము పట్టీకి ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేసుకునేది. ఆ ముడిని పిల్లోడు చూడాలి. పిల్లోడి పట్టీని ఆమె చూడాలి. ఇద్దరూ ఒకరి ముడి ఒకరు వేలితో ముట్టుకుని, పైకి చెప్పి, అప్పుడు మొదలుపెట్టాలి. మొదట్లో పిల్లోడు నవ్వాడు, నిన్న చూసిందే గదా అని. ఆమె నవ్వలేదు. నడుము పట్టీ విప్పేసి, ఆ పొద్దుటికి ఎక్కకుండానే వెళ్లిపోయింది. ఆ తర్వాత వాడు ఎన్నడూ మరిచిపోలేదు.

తాడుకు ఒక నోటుపుస్తకం పెట్టింది. కొన్న తేదీ, ఎప్పుడు బరువు పడింది, ఎక్కడ రాసుకుంది, అన్నీ రాసేది. నైలాను తాడది. లోపల పేటలు, పైన అల్లిన తొడుగు. మనిషి జారితే కాస్త సాగి ఆపుతుంది. సాగకపోతే ఆ ఊపుకు నడుము విరుగుతుందట. వాడకుండా పెట్టెలో దాచినా పదేళ్లు దాటితే ఆ తాడు మీద ప్రాణం పెట్టకూడదట. పొద్దున్నే తాడు మొత్తం బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి జరుపుతూ, ఎక్కడైనా మెత్తగా ఉందా, ఉబ్బిందా అని కళ్లు మూసుకుని చూసేది. ఆ వేళ్లనే చూస్తూ నిలబడేది అవ్వ.

అవ్వకు ఏడెనిమిది మేకలు. గుండు పక్కనున్న వేపచెట్టు కింద వాటిని వదిలి వచ్చి కూర్చునేది. ఊరివాళ్లు ఒకరిద్దరు మొదట్లో వింత చూడ్డానికి వచ్చి మానేశారు. అవ్వ మానలేదు. పైగా ఆమె చూపు ఎక్కే పిల్ల మీద ఉండేది కాదు. పైన, గుండు అంచు మీద తాడు వంగేచోట నిలిచి ఉండేది.

ఒకరోజు మడత పెట్టిన గోనెపట్ట చంకన పెట్టుకుని వచ్చింది. "సారూ, పాపకు చెప్పు. తాడు అంచుకు రాచుకుంటాంది. దీన్ని కింద పెట్టమను" అంది. ఆ అమ్మాయి పైకి పోయి చూసింది. తన దగ్గరున్న గుడ్డ తొడుగు గాలికి పక్కకు జరిగిపోయి, తాడు ఉత్త రాయి మీద ఆడుతోంది. కిందికి దిగి వచ్చి అవ్వ రెండు చేతులూ పట్టుకుంది. ఈమెకు ఇది ఎవరు నేర్పారని నన్ను అడిగింది. "గిలకబావుల కాలం మనిషి గద సార్, చేంతాళ్లు తెగేది చూసింటాది" అన్నాడు పిల్లోడు. నేను అదే చెప్పాను. అప్పటి నుంచి గోనెపట్ట పరచడం అవ్వ పనే అయింది. వెనకవైపు నుంచి మేకలతో పాటు ఎక్కి, తనే పరిచి, పైన రాయి పెట్టి, దిగి వచ్చేది.

ఆ రోజుల్లో ఊరు సగం ఖాళీ. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాల్లో ఇది ఏటా ఉండేదే. ఖరీఫ్ పంట ఇంటికి చేరినా, చేరకపోయినా, ఇంటికి తాళం పెట్టి సుగ్గికి, అంటే వలస పనికి, పోతారు. గుంటూరు మిరప తోటలకు కొందరు, హైదరాబాదు, బెంగళూరు కట్టడాల పనికి కొందరు. పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉండిపోతారు, లేకపోతే సీజనల్ హాస్టల్లో ఉంటారు, అదీ లేకపోతే తల్లిదండ్రులతో పాటు మిరప చేలకే పోతారు. నా తరగతిలో హాజరు పుస్తకం తెరవడానికి చేతులు రావు ఆ నెలల్లో. మిరపకాయలు కోసి కోసి మండే వేళ్లతో ఉగాదికి తిరిగొస్తారు. పండగ చేసుకుంటారు, అప్పులు తీరుస్తారు. ఈ వలసల మీద ప్రతి ఏడూ పేపర్లలో రాస్తారు, ప్రతి ఏడూ లారీలు కదులుతూనే ఉంటాయి.

"నీకు పిల్లలెందరు అవ్వా?" అని అడిగాను ఒకసారి.

"ఇద్దురు సారూ. చిన్నోడు, కోడలు గుంటూరు పోయినారు. పెద్దోడు బెంగళూరు పోయినాడు, మిద్దెలకు రంగులేసే పనికి."

"ఉగాదికి అందరూ వస్తారు కదా మరి."

"చిన్నోడు వస్తాడు."

"పెద్దోడు?"

"వాడు ముందే వచ్చేసినాడులే" అని మేకలను అదిలించుకుంటూ లేచింది.

ఇంకో పొద్దున ఎండ ఎక్కువై తొందరగా ఆపేశారు. అందరం వేపచెట్టు కింద కూర్చున్నాం. ఆ అమ్మాయి ఫోనులో తన పని ఫొటోలు చూపించింది. గాలిమర రెక్కకు వేలాడుతూ మరమ్మతు చేస్తున్న మనుషులు. అవ్వ ఫోను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది.

"సారూ, ఒక్కో మనిషికి రెండు తాళ్లు ఉండాయేంది?"

అడిగి చెప్పాను. ఒకటి పని తాడు, మనిషి దాని మీద కూర్చుని దిగుతాడు. రెండోది ప్రాణానికి. దానికి వేరే కట్టు, వేరే చోట. మొదటిది తెగినా రెండోది పట్టుకుంటుంది.

"రెండోది ఎవురు కొంటారు? పాపనా?"

కంపెనీయే కొంటుందన్నాను.

"కొనకుంటే?"

ఆ అమ్మాయి జవాబుకు తడుముకోలేదు. కొనకపోతే ఎక్కనంటుందట. అలా అనే హక్కు తనకుందట.

"ఎక్కనంటే ఆ దినం కూలి?"

కూలి ఇస్తారని చెప్పాను. మన దేశంలో కూడా కట్టడాల పనివాళ్ల కోసం 1996లోనే చట్టం వచ్చిందని, ఎత్తున పనిచేసేవాళ్లకు రక్షణ పట్టీలు, తాళ్లు ఇవ్వాల్సిన బాధ్యత పని చేయించేవాడిదేనని ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో ఉందని కూడా చెప్పాను. పంతుళ్లకు అలవాటు గదా, తెలిసింది చెప్పకుండా ఉండలేం.

"అది ఎవురికి తెలుసు సారూ" అంది అవ్వ. ఫోను తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

గొడవైంది మాత్రం తాడు పాడైన రోజు. గుండు మూడు వంతులు ఎక్కాక ఒక పెచ్చు ఊడింది. ఆమె జారి పక్కకు ఊగింది. పిల్లోడు సరిగ్గా పట్టాడు, మనిషికి ఏమీ కాలేదు. కానీ ఊగినప్పుడు తాడు పక్కనున్న పదునైన రాతి మొనకు గీసుకుంది. కిందికి వచ్చి చూస్తే తొడుగు జానెడు మేర చిట్లి, లోపలి తెల్లటి పేటలు బయటికి కనిపిస్తున్నాయి. ఆమె నోటుపుస్తకం తీసి తేదీ వేసి, అడ్డంగా గీత గీసింది. ఆ తాడు పని అయిపోయిందంతే.

విషయం తెలిసి ఊళ్లో ఉన్న నలుగురు కుర్రాళ్లు వచ్చారు. జానెడు చోట పోతే ఏమైంది, మిగతాదంతా కొత్తదే గదా, మాకిమ్మని అడిగారు. బావి పూడిక తీయడానికి దిగేటప్పుడు నడుముకు కట్టుకుంటామన్నారు. అడగడంలో తప్పు లేదు. కొన్ని ఎకరాలు పారించే బావి పూడుకుపోతే దిగక తప్పదు, దిగడానికి వాళ్ల దగ్గర ఉన్నది అంతకన్నా నాసి తాడు. ఆ అమ్మాయి ఏం చెప్పాలో నాకు చెప్పేలోపే అవ్వ లేచింది. చేతిలో మేకలకు రొట్ట కోసే కొడవలి. తాడు చుట్టను కాళ్ల కింద తొక్కిపట్టి కోయడం మొదలుపెట్టింది. నైలాను తాడు ఒక వేటుకు తెగదు. రంపంలా లాగి లాగి కోసింది. మూరెడు ముక్క, ఇంకో మూరెడు ముక్క. కుర్రాళ్లు అరిచారు. ఒకడు చెయ్యి పట్టుకోబోతే కొడవలి అటు తిప్పింది. ఎవరూ దగ్గరికి పోలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా కూర్చుని తాడంతా కోసింది.

"అవ్వకు మతి సరిగ్గా లేదు సార్. ఏమనుకోవద్దని పాపకు చెప్పండి" అన్నాడు పిల్లోడు.

చెప్పాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. పాడైన తాడును ఇంకెవరూ వాడకుండా ముక్కలు చేయడం తమ దేశంలో రాళ్లెక్కే ప్రతి మనిషీ చేసేదే అంది. తానూ గదికి పోయి అదే చేసి ఉండేదాన్నంది. మరుసటి వారం హైదరాబాదు నుంచి కొత్త తాడు తెప్పించుకుంది. నీలం రంగుది, 60 మీటర్లు. దాన్ని విప్పి మొదట అవ్వ చేతికే ఇచ్చింది. అవ్వ ఆ కొస నుంచి ఈ కొస దాకా బొటనవేలు, చూపుడువేలు మధ్య జరుపుతూ చూసింది. అచ్చం ఆ పిల్ల చూసినట్టే, కళ్లు మూసుకుని.

చైత్రం వచ్చింది. వేపపూత రాలింది. గుంటూరు పోయినవాళ్లు ఒక్కొక్కరుగా దిగారు. పొద్దున ఏడు గంటలకే గుండు మీద చెయ్యి పెట్టలేనంత కాక. ఆ అమ్మాయికి కంపెనీ గడువు కూడా తీరింది. ఆఖరి పొద్దున గుండు ముందువైపు మొత్తం ఒక్క చోట కూడా జారకుండా ఎక్కింది. పైన అంచు మీద, గోనెపట్ట పక్కన అవ్వ కూర్చుని ఉంది. ఇద్దరూ వెనకవైపు నుంచి కలిసి దిగి వచ్చారు. ఉగాదికి వచ్చిన చిన్నకొడుకు, కోడలు కూడా చెట్టు కింద ఉన్నారు.

వెళ్లిపోయేముందు అవ్వకు ఏదైనా ఇవ్వాలనుంది, ఏం కావాలో అడగమని ఆ అమ్మాయి నాతో అంది. అడిగాను.

"నాకేం వద్దు సారూ. ఒగ మాట అడుగు. ఈ తాడు ఎంతైందో కనుక్కో."

అడిగి చెప్పాను. పన్నెండు వేలు.

అవ్వ వేళ్ల కణుపులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయ్యాక రెండో చెయ్యి. చిన్నకొడుకు తల వంచుకున్నాడు.

"పెద్దోనికి దినానికి ఎనిమిదినూర్లు ఇస్తాండ్రి" అంది అవ్వ. "అంటే పదైదు దినాల కూలి."

ఎవరూ మాట్లాడలేదు. చెప్పింది చిన్నకొడుకే. పోయిన ఏడు బెంగళూరులో ఒక ఎత్తు మిద్దెకు రంగులు వేస్తున్నారు. అన్న కూర్చున్న పలకకు ఒకటే తాడు. పాతది, పైన గోడ అంచుకు రాచుకుని రాచుకుని పేటలు లేచిపోయాయి. కొత్తది తెప్పించమని అన్న మేస్త్రిని అడిగాడు. ఈ మిద్దె అయిపోయేదాకా వస్తాదిలే అన్నాడు మేస్త్రి. ఉగాదికి వారం ముందు ఆంబులెన్సులో ఊరికి తెచ్చారు.

ఆ అమ్మాయి నా వైపు చూస్తోంది, ఏమంటున్నారో చెప్పమని. అవ్వ నీలం తాడు కొసను చేతిలో పట్టుకుని, మేకల వైపు చూస్తూ అడిగింది:

"పన్నెండు వేలేనా సారూ? రెండు మేకలు అమ్మింటే వచ్చేది గద. మాకు చెప్పింటే మేమే కొనిచ్చేటోళ్లం."